వృద్ధాప్యమున కీళ్ల నొప్పులు : స్వయం సహాయ మార్గములు

మన గ్రామములలో అరువది యేండ్లు దాటిన స్త్రీపురుషులలో మోకాలి నొప్పిగాని నడుము నొప్పిగాని యెరుగనివారు అరుదు. చిన్ననాటి నుండి వంగి నాట్లు వేసి, గొంతుక కూర్చుండి కలుపు తీసి, తలపై మోపులు మోసి, గట్ల వెంబడి నడచిన దేహములకు ఈ బాధ కలుగుట వింత కాదు. వింత యేమనగా, దీని విషయమున మనవారు సాధారణముగా అవలంబించు మార్గములు రెండును నష్టకరములుగా నుండుటయే. కొందరు “ముసలితనము వచ్చినది, ఇక చేయదగినది లేదు” అని మంచము పట్టుదురు. మరికొందరు నొప్పి హెచ్చినపుడెల్ల సూదిమందు వేయించుకొని, పేరు తెలియని మాత్రలు మ్రింగి, మరునాడు యథాప్రకారము పొలమునకు పోవుదురు. మొదటివారికి కాళ్ల సత్తువ పోవును. రెండవవారికి కడుపును మూత్రపిండములును చెడును.

అప్పు విషయమున మన సంఘ సభ్యులెరిగిన నీతియే యిచ్చటను వర్తించును. వడ్డీ వ్యాపారి యిచ్చు సొమ్ము తక్షణము ఆదుకొన్నట్లే యుండును గాని తుదకు భూమిని హరించును. నెలనెల కూడబెట్టిన పొదుపు మెల్లగా పెరుగును గాని నిలుచును. ఒక్క పూటలో నొప్పిని మాయము చేయు సూదిమందు మొదటి కోవకు చెందినది. దినదినము చేయు స్వల్ప వ్యాయామము, పనిని అదుపులో నుంచుకొనుట రెండవ కోవకు చెందినవి. నొప్పిని సమూలముగా పోగొట్టు ఉపాయమును ఈ వ్యాసము చెప్పజాలదు. నొప్పి యున్నను తన పనులు తాను చేసికొనుచు, ఒకరిపై భారము కాకుండ జీవించు ఉపాయమును చెప్పుటయే దీని యుద్దేశము.

నొప్పి స్వరూపము

మూడు మాసములకు మించి నిలిచియుండు నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. ముల్లు గ్రుచ్చుకొన్నపుడు కలుగు నొప్పి మనకు మేలు చేయునది. ప్రమాదమును తెలిపి కాలిని వెనుకకు తీయించును. దీర్ఘకాలపు నొప్పి యట్టి హెచ్చరిక కాదు. కొత్తగా ఏ హానియు జరుగకున్నను అది బాధించుచునే యుండును. వృద్ధులలో ఇట్టి నొప్పికి మిక్కిలి సామాన్యమైన కారణము మోకాలి కీలు అరుగుదల. ఎముకల చివరలను కప్పియుండు నున్నని మృదులాస్థి పలుచబడుట, దాని క్రింది యెముకయు చుట్టునున్న పొరలును మార్పు చెందుట దీని లక్షణములు. ఏబది యేండ్లు దాటిన స్త్రీలలో ఇది పురుషులలో కంటె హెచ్చు.

అరుగుదల యను మాట విని పెక్కురు కీలును బండి యిరుసుతో పోల్చుకొందురు. ఇరుసు తిరిగిన కొలది అరుగును గనుక, కాలిని కదపకుండుటయే మేలని తలచుదురు. ఈ పోలిక సరియైనది కాదు. ఇరుసు నిర్జీవము, కీలు సజీవము. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోనున్న ద్రవము నుండియే దానికి పోషణము లభించును. నడచునపుడు మృదులాస్థి ఒకపరి నొక్కబడి, మరల సడలుటచేతనే ఆ ద్రవము దానిలోనికిని వెలుపలికిని ప్రసరించును. కదలక కూర్చున్నవారికి ఈ పోషణము తగ్గుటయే కాక, మోకాలిని పట్టి నిలుపు తొడ కండరము కూడ క్షీణించును. కండరము క్షీణించిన కొలది భారము కీలుపై పడును. భారము పడిన కొలది నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చిన కొలది మనుష్యుడు మరింత కదలక కూర్చుండును. ఈ చుట్టును తెగగొట్టుటయే మనము చేయవలసిన పని.

మరియొక విషయము. ఎక్స్‌రే పటమున అరుగుదల అధికముగా కనబడిన వారందరికిని నొప్పి అధికముగా నుండదు. స్వల్పముగా కనబడినవారు కొందరు మిక్కిలి బాధపడుదురు. నొప్పి కీలులోనే పుట్టి అక్కడనే ముగియునది కాకపోవుటయే దీనికి కారణము. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను శాస్త్రజ్ఞులు, నొప్పి వార్తలు మెదడునకు పోవు త్రోవలో, వెన్నుపామునందు, ఒక ద్వారము వంటిది కలదని ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతపు వివరములు తరువాత సవరింపబడినను ముఖ్యాంశము నిలిచినది. చెరువు తూము తలుపును ఎత్తినకొలది నీరు హెచ్చుగా పారును, దింపినకొలది తగ్గును. అట్లే భయము, దిగులు, నిద్రలేమి నొప్పి త్రోవను తెరచును; కదలిక, వెచ్చదనము, ఉల్లాసము, ధైర్యము దానిని కొంతవరకు మూయును. దెబ్బ తగిలినచోట అరచేతితో రుద్దినంతనే ఉపశమనము కలుగుట మనకందరకు అనుభవమే. నొప్పి కేవలము భ్రమ యని దీని భావము కాదు. నొప్పి నిజమైనదే, కాని దాని తలుపు కొంతవరకైనను మన చేతిలో నున్నది.

వారమునకొక సంకల్పము

అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రములోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందు కేట్ లోరిగ్ అను విదుషీమణి 1970వ దశకము చివర కీళ్లవ్యాధి గలవారికి స్వయం నిర్వహణ శిక్షణమును ప్రారంభించెను. పది పదునైదుగురు వారమునకొకసారి, రెండేసి గంటల చొప్పున, ఆరు వారములు కూడుకొందురు. వారికి నేర్పువారు వైద్యులు కానక్కరలేదు. అదే వ్యాధితో బాధపడుచు తగిన శిక్షణము పొందిన సామాన్య జనులు. ఈ శిక్షణము వలన నొప్పి పూర్తిగా పోలేదు, కొంత తగ్గినది. పరిశోధకులు గమనించిన ముఖ్యవిషయమేమనగా, “ఈ బాధను నేను అదుపులో నుంచుకొనగలను” అను నమ్మకము ఎవరిలో పెరిగెనో వారికే మేలు హెచ్చుగా కలిగెను.

ఈ నమ్మకమును పెంచుటకు వారు వాడిన సాధనము మిక్కిలి సులభమైనది. ప్రతివారును వచ్చు వారమునకొక సంకల్పము చేసికొనవలెను. ఆ సంకల్పమున నాలుగు సంగతులు స్పష్టముగా నుండవలెను: ఏమి చేయుట, ఎంత చేయుట, ఎప్పుడు చేయుట, వారమున ఎన్ని దినములు చేయుట. “నడక సాగించెదను” అనిన చాలదు. “ఉదయము పాలకేంద్రమున పాలు పోసిన పిదప, రామాలయము వరకు పది నిమిషములు, వారమున నాలుగు దినములు నడచెదను” అని యుండవలెను. పిమ్మట, “దీనిని నెరవేర్చగలనని నాకు పదింట ఎంత నమ్మకము?” అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఏడు కంటె తక్కువ యనిపించినచో సంకల్పమును చిన్నది చేసికొనవలెను. పెద్ద సంకల్పము చేసి తప్పుట కంటె చిన్నదానిని నెరవేర్చుట మేలు.

వ్యాయామములు

మోకాలి నొప్పి గలవారు ఇంటియొద్దనే చేయదగిన వ్యాయామములు నాలుగు.

1. మంచముపై కాళ్లు చాచి కూర్చుండి, తువాలును చుట్టగా చుట్టి మోకాలి క్రింద నుంచి, మోకాలితో దానిని క్రిందికి నొక్కవలెను. అయిదు లెక్కించువరకు బిగబట్టి వదలవలెను. ఇట్లు పది సార్లు.

2. వెల్లకిల పండుకొని, ఒక మోకాలిని మడచియుంచి, రెండవ కాలిని నిటారుగా నుంచి జానెడు ఎత్తు లేపి, అయిదు లెక్కించి మెల్లగా దింపవలెను. ఊపిరి బిగబట్టరాదు. ఒక్కొక్క కాలికి అయిదు సార్లతో మొదలిడి పదికి పెంచవలెను.

3. గోడకు ఆనించిన గట్టి కుర్చీపై కూర్చుండి, వీలైనంతవరకు చేతుల సాయము లేకుండ మెల్లగా లేచి, మరల మెల్లగా కూర్చుండవలెను. తొలుత అయిదు సార్లు చాలును. తూలు భయము గలవారు ప్రక్కన ఒకరిని నిలుపుకొనవలెను.

4. చదునైన బాటపై నడక. పది నిమిషములతో ప్రారంభించి, వారము వారము కొద్దికొద్దిగా పెంచవలెను.

వ్యాయామము చేయునపుడు నొప్పి కొంచెము హెచ్చినచో భయపడరాదు. మరునాటి ఉదయమునకు అది యథాస్థితికి వచ్చినచో హాని లేదు. మరునాడును హెచ్చుగానే యున్నచో, మానక, లెక్కను తగ్గించి కొనసాగించవలెను. ఫలితము కనబడుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. విత్తిన మరునాడే పైరును కోయజూచు కర్షకుడెవడును లేడు గదా.

స్థూలకాయులు బరువు తగ్గించుకొనుట వలన మోకాళ్లకు గొప్ప ఉపకారము కలుగును. దేహపు బరువు ఒక కిలో తగ్గిన, ప్రతి అడుగునను మోకాలిపై పడు భారము సుమారు నాలుగు కిలోలు తగ్గునని 2005లో ప్రకటితమైన పరిశోధనము తెలిపినది. అయితే చిక్కియున్న వృద్ధులు ఆహారమును తగ్గించరాదు. వారికి పప్పు, పాలు, గ్రుడ్లు కండపుష్టికి అవసరము.

పనిలో మితము

నొప్పి తక్కువగా నున్న దినమున, “ఈ పూట బాగున్నది” యని చీకటి పడువరకు పని చేసి, పిదప మూడు దినములు మంచముపై నుండుట మన వృద్ధ కర్షకులలో సామాన్యము. వారము చివర లెక్కించిన, రోజుకు కొంత చొప్పున చేసినవాని పనియే హెచ్చుగా తేలును. కావున ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించుట నొప్పికి వదలక గడియారమునకు అప్పగింపవలెను. కలుపు తీయునపుడు నలుబది నిమిషములకు నొప్పి హెచ్చుచున్నదని తెలిసినచో, ఇరువది యైదు నిమిషములకే లేచి, అయిదు నిమిషములు గట్టుపై నడచి, మరల కూర్చుండవలెను. కొన్ని వారములు బాధ హెచ్చకుండ గడచిన పిమ్మట ఆ కాలమును కొద్దిగా పెంచవచ్చును. నిలుచుండి చేయదగిన పనిని కూర్చుండి చేయుపనితో మార్చి మార్చి చేయుట మేలు. పొడవైన పిడి గల కలుపు పనిముట్లు వాడినచో వంగుట తగ్గును. గంప నిండ ఒకేసారి మోయుటకంటె సగము చొప్పున రెండు మార్లు మోయుట నడుమునకు క్షేమము.

ఇంటిలో చేయదగిన మార్పులు

మోకాలు పూర్తిగా ముడుచుకొను భంగిమలు కీలుపై ఒత్తిడి పెంచును. నేలపై బాసిపట్లు వేసి భుజించుటకు బదులు కుర్చీపైనో ఎత్తు పీటపైనో కూర్చుండవలెను. పొయ్యిని నడుమెత్తు గట్టుపైకి మార్చినచో గృహిణుల బాధ చాల తగ్గును. మరుగుదొడ్డిలో గొంతుక కూర్చుండలేని వారికై, నడుమ రంధ్రము గల కమోడ్ కుర్చీలు మందుల దుకాణములలో దొరకును. గోడకు ఒక ఇనుప కమ్మీ బిగించిన పట్టుకొని లేవవచ్చును. పాలు పితుకుటకు చిన్న పీట చాలును.

చేతికర్ర పట్టుటకు పెక్కురు సిగ్గుపడుదురు. సిగ్గుపడి జారిపడినచో తుంటి యెముక విరుగవచ్చును. కర్రను నొప్పి గల కాలి వైపున గాక, ఎదుటి చేత పట్టవలెను. కుడి మోకాలు నొప్పియైన ఎడమ చేత. చేయి వ్రేలాడవిడిచి నిలిచినపుడు కర్ర పిడి మణికట్టు వరకు రావలెను. మెట్లు ఎక్కునపుడు మంచి కాలు ముందు. దిగునపుడు నొప్పి కాలు ముందు. కర్ర క్రింద రబ్బరు తొడుగు తప్పక యుండవలెను.

పదునైదు ఇరువది నిమిషముల వేడి కాపడము బిగిసిన కండరములను సడలించును. మధుమేహము వలన పాదములకు తిమ్మిరి పట్టినవారు మాత్రము నీటి వేడిమిని ఇంకొకరిచేత చూపించుకొనవలెను. కాలినను వారికి తెలియదు.

మందుల విషయమున జాగ్రత్త

మందులు వలదని మేము చెప్పుట లేదు. వైద్యుని సలహాపై, తగిన మోతాదున, కొలది దినములు వాడిన మందు వలన నడక, వ్యాయామము సాధ్యమగును. కాని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మొదలగు నొప్పి మాత్రలను నెలల తరబడి స్వయముగా కొని మ్రింగుట ప్రమాదము. ఇవి కడుపులో పుండు చేసి రక్తము స్రవింపజేయగలవు, రక్తపు పోటును పెంచగలవు, మూత్రపిండములను చెరుపగలవు. రక్తపు పోటు మందులు, మూత్రము జారీచేయు మాత్రలు వాడువారికిని, ఎండలో పనిచేసి నీరు తక్కువగా త్రాగువారికిని ఈ ప్రమాదము మరింత హెచ్చు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము వలె మూత్రపిండముల వ్యాధి ప్రబలిన ప్రాంతముల వారు వైద్యుని యనుమతి లేనిదే వీనిని ముట్టరాదు.

ఈ మందుల శక్తికి మన కన్నుల యెదుటనే ఒక నిదర్శనము కలదు. పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చుచుండిన కాలమున, ఆ పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి లక్షల కొలది నశించినవి. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమునకై దాని తయారీని నిషేధించినది. మనుష్యుడు రాబందు కాడు. కాని అట్టి మందును చిల్లర మిఠాయివలె వాడరాదని గ్రహించుటకు ఇది చాలును.

మోకాలి నొప్పికి మాత్ర కంటె ముందు డైక్లోఫెనాక్ పైపూతను వాడుట వృద్ధులకు క్షేమకరము; పైపూత మందు రక్తములోనికి చేరునది స్వల్పము. పారాసిటమాల్ ఎట్టి పరిస్థితిలోను దినమునకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, మించరాదు. బలహీనులకు, కాలేయవ్యాధి గలవారికి, మద్యపానము చేయువారికి ఇంకను తక్కువ. వారు వైద్యుని అడిగియే వాడవలెను. జలుబు మాత్రలలోను, కొన్ని నొప్పి మాత్రలలోను పారాసిటమాల్ కలిసియుండును గనుక, పేర్లు వేరైనను మందు రెండింతలు కావచ్చును. చీటీపై వ్రాసిన పేర్లను చదువుకొన్న మనుమనిచేతనో మనుమరాలిచేతనో చదివించుకొనుడు.

పేరు, చీటీ లేని పొడులును పొట్లములును అసలు తీసికొనరాదు. వానిలో స్టెరాయిడ్ మందులు రహస్యముగా కలుపుట పెక్కుమార్లు బయటపడినది. అవి రెండు దినములలో అద్భుతముగా పనిచేయును. పిదప ముఖము ఉబ్బును, మధుమేహము హెచ్చును, ఎముకలు గుల్లబారును. ఇట్టివి చాలకాలము వాడినవారు వానిని హఠాత్తుగా మానుట కూడ ప్రమాదమే. వైద్యునికి నిజము చెప్పి క్రమముగా మానవలెను.

మనస్సు, నిద్ర, కుటుంబము

రాత్రి నిద్ర లేనివానికి మరునాడు నొప్పి హెచ్చును. నియమిత కాలమున పండుకొనుట, సాయంకాలము టీ, కాఫీ మానుట, పండుకొనుటకు ముందు మెల్లగా దీర్ఘశ్వాసలు తీసి విడుచుట ఉపకరించును. ఒంటరితనము నొప్పిని పెంచును. అరుగుపై పదిమందితో మాటలాడుట, భజనకు పోవుట కూడ చికిత్సలో భాగమే. దిగులు వారముల తరబడి వీడనిచో దాచుకొనక వైద్యునికి చెప్పవలెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన టెలి మానస్ వారు ఉచితముగా సలహా యిత్తురు.

కుమారులు, కోడండ్రు రెండు విధముల పొరబడుదురు. కొందరు “నాన్నా, నీవు కదలవద్దు” అని ప్రేమతో సర్వము తామే చేసి, తండ్రిని నిజముగనే కదలలేనివానిగా చేయుదురు. మరికొందరు “ఎప్పుడును ఇదే గోలయా” అని విసుగుకొందురు. సరియైన ప్రశ్న వేరు: “నాన్నా, ఈ వారము నీవు చేయదలచిన దేమి? అందుకు మేము చేయవలసిన సాయమేమి?” అని అడుగవలెను. ఇంటిలోని వృద్ధ స్త్రీలను ప్రత్యేకముగా అడుగవలెను. వారు తమ బాధను చెప్పక పొయ్యి యొద్దనే కాలము గడుపుదురు.

ఆలస్యము చేయరాని సందర్భములు

ఈ క్రింది లక్షణములలో ఏది కనబడినను స్వయం చికిత్స మాని, వెంటనే ఆసుపత్రికి పోవలెను. జ్వరముతో కూడి కీలు ఎర్రబడి వేడెక్కి వాచుట. పడిన పిమ్మట కాలిపై బరువు మోపలేకపోవుట. నడుము నొప్పితో కాళ్లు బలహీనపడుట లేక మలమూత్రములు అదుపు తప్పుట. నల్లని మలము లేక రక్తపు వాంతి. మూత్రము మిక్కిలి తగ్గుట. రొమ్ము నొప్పి యెడమ చేతికి ప్రాకుట. కారణము లేక బరువు తగ్గుచు, రాత్రులందు విశ్రాంతిలోను నొప్పి హెచ్చుచున్నచో దానిని కూడ ఉపేక్షింపరాదు.

మాసముల తరబడి వ్యాయామము, తగిన వైద్యము చేసినను నడవలేని స్థితి వచ్చినవారికి కీలు మార్పిడి శస్త్రచికిత్స ప్రయోజనకరమే. 2017లో కేంద్ర ప్రభుత్వపు ధరల నియంత్రణ సంస్థ మోకాలి కృత్రిమ కీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించినది. కాని మొదటి సలహాతోనే భూమి తాకట్టు పెట్టి పరుగెత్తుట తగదు. మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొని, ప్రభుత్వ పథకములలో వీలు కలదేమో విచారించవలెను.

సంఘములు చేయదగిన పని

పైన చెప్పిన వానిలో ఒక్కటియు అధిక వ్యయముతో కూడినది కాదు. కాని ఒంటరిగా మొదలిడినవారు రెండు వారములలో మానుదురు. పదిమంది కూడినచో కొనసాగుదురు. స్వయం సహాయము, పరస్పర సహాయము అను రెండు సూత్రములపై నిలిచిన సంఘములకు ఇది క్రొత్త విషయము కాదు. పంట పనులు తక్కువగా నుండు మాసములలో ప్రతి సంఘమును తన కార్యాలయపు వసారాలో వృద్ధ సభ్యులను వారమునకొకసారి, ఆరు వారములు కూర్చవచ్చును. ఒక వారము ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని, ఒక వారము ఆశా కార్యకర్తను ఆహ్వానింపవచ్చును. మిగిలిన వారములలో సభ్యులే తమ సంకల్పములు చెప్పుకొని, నెరవేరినవి నెరవేరనివి విచారించుకొందురు. పొడవు పిడి పనిముట్లను కొన్నిటిని కొని అద్దెకిచ్చుట, ఎరువుల కొరకు వరుసలో నిలుచు వృద్ధులకు ఎత్తైన బల్ల వేయించుట సంఘమునకు భారము కాని పనులు.

సభ్యులెవరును ఆరు వారములు గడచువరకు వేచియుండ నక్కరలేదు. ఈ పత్రిక చదివిన దినముననే, ఏమి, ఎంత, ఎప్పుడు, ఎన్ని దినములు అను నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసి గోడకు అంటించుకొనుడు. చదువురాని వృద్ధులున్న యిండ్లలో పిల్లలు ఈ వ్యాసమును చదివి వినిపింతురు గాక.